‘వంగు’ అనే మాటతోనే తంటా అంతా

పొద్దున ఐదున్నరకల్లా మా కాలేజీ గ్రౌండ్‌లో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు పదిహేను ఇరవై మంది దిగిపోతారు. రెండు రౌండ్లు జాగింగ్, తర్వాత వరసగా హై నీస్, బట్ కిక్స్, మోకాలెత్తి గెంతే ఏ-స్కిప్, బీ-స్కిప్, చివర్లో ప్లాస్టిక్ నిచ్చెన పరిచి దాని గళ్లలో టకటకా అడుగులు. చూడ్డానికి ముచ్చటేస్తుంది, ఎవడో ఒకడు ఫోన్‌లో రీల్ కూడా తీస్తుంటాడు. ఇదంతా అయ్యాక విజిల్ ఊదగానే అసలు పరుగు మొదలవుతుంది కదా, అప్పుడు చూడాలి వాళ్ల మొదటి మూడు నాలుగు అడుగులు: మనిషి నడుము దగ్గర రెండుగా మడతపడతాడు, తల కిందికి, పిరుదులు వెనక్కి, పాదం మాత్రం ఒంటికి జానెడు ముందుకెళ్లి మడమతో టప్‌మని పడుతుంది, ఆ పడడంలోనే ఊపు చచ్చిపోతుంది. అప్పటిదాకా చేసిన ఇరవై నిమిషాల డ్రిల్స్‌కీ ఆ మూడు అడుగులకీ ఏ చుట్టరికమూ కనిపించదు.

వాళ్లలో ఒకడు మొన్న అడిగేశాడు. "అన్నా, డ్రిల్స్ అన్నీ వీడియోలో చూపించినట్టే చేస్తున్నా, స్టార్టింగ్ మాత్రం ఎందుకు రావట్లేదు?" ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ పరీక్షలో 100 మీటర్లకి మగవాళ్లకి 15 సెకన్లు, ఆడవాళ్లకి 18 సెకన్లు ఇస్తారు. బయటినుంచి చూసేవాళ్లకి అదేం పెద్ద లెక్క కాదు, 15.2 దగ్గర ఆగిపోయి ఇంటికొచ్చినవాణ్ణి అడిగితే తెలుస్తుంది ఆ 0.2 ఎంత పొడుగో. గ్రౌండ్‌లో నిలబడి వాడికి చెప్పగలిగింది నాలుగు ముక్కలే, మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నేను జిల్లా స్థాయి దాకా పరిగెత్తినవాణ్ణి, అంతకు మించి చెప్పుకోడానికేం లేదు. నాకు నేర్పినవాళ్లందరూ చెప్పింది ఒకటే మాట: "వంగు, వంగే ఉండు, ముప్పై మీటర్ల దాకా లేవకు." నేనూ బుద్ధిగా వంగాను. ఒక మీట్‌లో నాలుగో అడుగుకి ముందుకి తూలి రెండు అరచేతులూ ట్రాక్‌కి ఆనించి లేచి మళ్లీ పరిగెత్తాను, చివరివాణ్ణి అయ్యానని వేరే చెప్పక్కర్లేదు. చాలా ఏళ్ల తర్వాత గానీ నాకు అర్థం కాలేదు, తప్పు నా కాళ్లలో కంటే ఆ మాటలోనే ఎక్కువ ఉందని. తెలుగులో వంగడం వేరు, ఒరగడం వేరు. నాట్లు వేసేవాళ్లు వంగుతారు, అంటే నడుము దగ్గర మడిచి పైభాగం కిందికి దించుతారు. కాలవ గట్టున కొబ్బరి చెట్టు నీళ్ల మీదికి ఒరుగుతుంది, మొదలునుంచి మొవ్వు దాకా ఎక్కడా మడత ఉండదు. స్ప్రింట్ మొదట్లో కావలసింది ఆ కొబ్బరి చెట్టు. మనం ఏళ్ల తరబడి పిల్లలకి నాట్లు వేయడం నేర్పుతున్నాం.

ఇంకాస్త లోతుకి వెళ్తే ఒరగడం కూడా మనం పనిగట్టుకుని చేసే పని కాదు. ఆగిపోయిన ఆటోని ఎప్పుడైనా తోశారా? ఎవరూ మనకి ‘ఇన్ని డిగ్రీలు ఒరుగు’ అని చెప్పరు. చేతులు ఆనిస్తాం, కాళ్లు వాటంతటవే దూరంగా వెనక్కి వెళ్తాయి, ఒళ్లు ఏటవాలు అవుతుంది. ఆటో కదిలి తేలికయ్యే కొద్దీ మనం నిటారు అవుతాం, నిటారు అవకపోతే బొక్కబోర్లా పడతాం. పల్నాడు, ప్రకాశం వైపు బండలాగుడు పోటీలు చూసినవాళ్లకి ఇది ఇంకా బాగా తెలుసు, బండ మొరాయించినప్పుడు ఒంగోలు గిత్తలు ముందుకి ఎంత ఒరుగుతాయో, బండ జారడం మొదలయ్యాక ఎలా సర్దుకుంటాయో.

దీని వెనకున్న లెక్క పదో తరగతి ఫిజిక్సే. పరిగెత్తేటప్పుడు బయటినుంచి మనల్ని తోసేది నేల ఒక్కటే, గాలి అడ్డుతగలడం తప్ప సాయం చేయదు. పాదం నేలని వెనక్కీ కిందికీ నెడితే నేల మనల్ని ముందుకీ పైకీ నెడుతుంది. పైకి నెట్టే బలం మన బరువుని మోయడానికి పోతుంది, ముందుకి నెట్టేది వేగం పెంచుతుంది. ఈ రెండూ కలిస్తే ఒక ఏటవాలు గీత వస్తుంది, ఆ గీత ఇంచుమించు మన గరిమనాభి గుండా, అంటే బొడ్డుకి కాస్త కింద ఒంటి లోపల ఉన్న చోటు గుండా పోవాలి. పోకపోతే మనిషి ముందుకో వెనక్కో తిరగబడతాడు. అంటే ఒంటి వాలు ఎంత ఉండాలన్నది మన త్వరణం, అంటే వేగం పెరిగే జోరు, నిర్ణయిస్తుంది, మన ఇష్టం కాదు. త్వరణం గురుత్వ త్వరణంతో సమానంగా, సెకనుకి సెకనుకి 9.8 మీటర్లు ఉంటే నిలువు గీతనుంచి వాలు 45 డిగ్రీలు. 5 ఉంటే 27 డిగ్రీలు. 2కి పడిపోతే 11 చిల్లర. వేగం పెరగడం ఆగిపోతే వాలు సున్నా, నిటారు.

ఇప్పుడు ఉసేన్ బోల్ట్‌ని తీసుకోండి. 2009 ఆగస్టు 16న బెర్లిన్‌లో 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తినప్పుడు అతను 10 మీటర్లు దాటింది 1.89కి, అందులో తుపాకీ మోతకి స్పందించడానికి పట్టిన 0.146 కూడా కలిసి ఉంది. 20 మీటర్లకి 2.88, 30కి 3.78. రెండో పది మీటర్లకి 0.99, మూడో పదికి 0.90, తర్వాత 0.86, 0.83, 0.82, అలా తగ్గుతూ 60 నుంచి 70 మధ్య 0.81కి చేరింది. వేగం అరవై మీటర్లు దాటేదాకా పెరుగుతూనే ఉంది కానీ పెరుగుదలలో సింహభాగం మొదటి ముప్పైలోనే అయిపోయింది. మొదటి క్షణంలో అతని త్వరణం ఇంచుమించు గురుత్వ త్వరణంతో సమానం, కాబట్టి 45 డిగ్రీల వాలు అతనికి న్యాయంగా దక్కుతుంది. మా గ్రౌండ్‌లో కుర్రాడి సంగతి? సెకనుకి 8 మీటర్ల గరిష్ఠ వేగం ఉన్నవాడికి తొలి త్వరణం ఆరున్నర, ఏడు మధ్య ఉంటుందనుకుంటే వాలు 34 డిగ్రీలు, ఒక సెకను గడిచేసరికి పదహారు, రెండు సెకన్లకి ఏడు. రెండు సెకన్లంటే వాడింకా ఎనిమిది మీటర్ల దగ్గరే ఉంటాడు. అక్కణ్ణుంచి ముప్పై మీటర్ల దాకా ‘వంగే ఉండు’ అంటే వాడు ఏం చేస్తాడు పాపం? ఒళ్లు ఒరగడానికి త్వరణం లేదు, సారు మాట కాదనలేడు, కాబట్టి నడుము మడుస్తాడు. బోల్ట్ ఫొటో చూసి బోల్ట్ కోణం అడుగుతున్నాం, బోల్ట్ బలం ఇవ్వకుండా.

‘ముందుకి పడు, భూమి ఆకర్షణే లాక్కెళ్తుంది’ అని ఒక వాదన కూడా చాలా వీడియోల్లో వినిపిస్తుంది. భూమి మనల్ని కిందికే లాగుతుంది, ముందుకి లాగదు. పడబోవడం వల్ల ఒరిగే స్థితికి త్వరగా చేరతాం, అంతవరకే దాని సాయం, ఆ తర్వాత పాదం నేలని వెనక్కి తోయకపోతే మిగిలేది పడడమే.

తోయడానికి ఎంత టైము ఉంటుందన్నది రెండో ముడి. మంచి రన్నర్‌కి మొదటి అడుగులో పాదం నేల మీద ఇంచుమించు 0.2 సెకను ఉంటుంది, పూర్తి వేగం అందుకున్నాక 0.1 కంటే కూడా తక్కువ. 60 కిలోల మనిషి ఒక అడుగులో సెకనుకి ఒక మీటరు వేగం పెంచుకోవాలనుకుంటే, 0.2 సెకను దొరికినప్పుడు సగటున 300 న్యూటన్లు ముందుకి కావాలి, అంటే తన బరువులో సగం. అదే పని 0.1 సెకనులో చేయాలంటే 600. బలాన్ని కాలంతో గుణిస్తే వచ్చేదాన్ని పాఠ్యపుస్తకాల్లో ప్రచోదనం అంటారు, స్ప్రింట్ అంటే ప్రతి అడుగులో ఎంత ప్రచోదనం ముందుకి పోగేశామన్న లెక్కే. మొదటి అడుగుల్లో కాలం దొరుకుతుంది కాబట్టి అక్కడ కండ బలం పనికొస్తుంది, స్క్వాట్ చేసే మనిషి బాగుపడేది అక్కడే. వేగం పెరిగే కొద్దీ కాలం కుంచించుకుపోతుంది, అక్కడ పాదం, చీలమండ స్ప్రింగులా గట్టిగా ఉండి తాకీ తాకగానే ఎగరాలి. ఈ రెండూ వేరు వేరు విద్యలు. ఒకే డ్రిల్‌తో రెండూ వస్తాయనుకోవడం దగ్గరే సగం గందరగోళం.

హంటర్, ఆయన తోటి పరిశోధకులు 2005లో 36 మంది అథ్లెట్లని 16 మీటర్ల దగ్గర కొలిచారు. వేగంలో ఒకరికీ మరొకరికీ ఉన్న తేడాల్లో 57 శాతం ముందుకి తోసే ప్రచోదనంతో ముడిపడితే, పాదం ముందు పడి బ్రేకు వేసే ప్రచోదనంతో ముడిపడింది 7 శాతమే. బ్రేకు తగ్గించుకోవడం మంచిదే, కానీ అసలు ఆస్తి తోయడంలో ఉంది. తర్వాత 2011లో ఫ్రాన్స్‌కి చెందిన ఝాన్ బెనువా మొరాన్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది: నేలమీద మొత్తం ఎంత బలం పెట్టారన్నదానికంటే, అందులో ఎంత భాగాన్ని ముందుకి మళ్లించగలిగారు, వేగం పెరుగుతున్నా ఆ వాటా ఎంత నెమ్మదిగా తగ్గింది అన్నదే 100 మీటర్ల ఫలితంతో ఎక్కువగా ముడిపడిందని తేల్చారు. అందులో పరిగెత్తినవాళ్లు కొద్దిమందే, బలం కొలిచింది ట్రెడ్‌మిల్ మీద, కాబట్టి దాన్ని వేదంలా పట్టుకోనక్కర్లేదు. అయినా డ్రిల్స్‌ని జల్లెడ పట్టడానికి నాకు దొరికిన మంచి ప్రశ్న దాంట్లోంచే వచ్చింది. ఈ డ్రిల్‌లో పాదం నేలని ఎటు తోస్తోంది? ఎంతసేపు తోస్తోంది? తాకినప్పుడు తుంటికి ముందుందా, వెనకుందా?

ఈ ప్రశ్నతో నిచ్చెన దగ్గరికి వెళ్తే పని త్వరగా అయిపోతుంది. మూరెడు గళ్లు, కాలు పైకి లేపి కింద పెట్టడం, నేలని వెనక్కి తోయడమన్నదే లేదు. స్ప్రింట్‌లో మొదటి అడుగే మీటరు దరిదాపుల్లో ఉంటుంది. ‘కాళ్లు ఫాస్ట్‌గా ఆడటం’ నేర్పుతుందంటారు కానీ, పీటర్ వేయాండ్ బృందం 2000లో చూపించింది ఏమిటంటే గరిష్ఠ వేగం దగ్గర కాలు గాల్లో వెనకనుంచి ముందుకి రావడానికి పట్టే టైము వేగంగా పరిగెత్తేవాళ్లకీ నెమ్మదిగా పరిగెత్తేవాళ్లకీ దాదాపు ఒకటే, తేడా అంతా నేలని కొట్టే బలంలో ఉంది. ఒళ్లు వెచ్చబడడానికి, సరదాకి నిచ్చెన ఉంచుకోండి, స్పీడ్ కోసమైతే అక్కర్లేదు.

ఏ-స్కిప్ కథ కొంచెం వేరు. ఈ ఏ, బీ, సీ డ్రిల్స్ పోలండ్ కోచ్ గెరార్డ్ మాఖ్ పుణ్యం, 1970లలో ఆయన కెనడా వెళ్లాక ఇవి అన్ని దేశాలకీ పాకాయి. రన్నింగ్‌కి కావలసిన కండరాలని, ఒంటి నిలకడని పెంచడానికి ఆయన వీటిని పెట్టుకున్నారు. మనవాళ్ల చేతికొచ్చేసరికి అవే రన్నింగ్ టెక్నిక్ అయి కూర్చున్నాయి. ఏ-స్కిప్‌లో ఒళ్లు నిటారుగా ఉంటుంది, బలం నిలువుగా కిందికి పోతుంది, కాబట్టి అది యాభై మీటర్ల తర్వాతి పరుగుకి దగ్గర చుట్టం, స్టార్టింగ్‌కి దూరపు చుట్టం. దాన్ని మానెయ్యమనను, మోకాలు ఎత్తి పాదాన్ని బిగించి తుంటి కిందకే దించడం అందులో బాగా అలవాటవుతుంది. స్టార్టింగ్ రాలేదని దాన్ని తిట్టడం మాత్రం అన్యాయం. బట్ కిక్స్ గురించి అయితే ఒక్క మాట: మొదటి అడుగుల్లో మడమ పిరుదుల దాకా లేవడం దండగ, పాదం నేలకి దగ్గరగా, మోకాలు ముందుకి దూసుకెళ్లేలా రావాలి. చాలామంది పెద్ద స్ప్రింటర్లు బ్లాక్స్ (స్టార్ట్‌లో పాదాలు ఆనించుకునే దిమ్మలు) నుంచి లేచేటప్పుడు బూటు ముక్కు ట్రాక్‌ని రాసుకుంటూ రావడం గమనించండి.

గోడ డ్రిల్‌కి వద్దాం, ఎందుకంటే స్టార్టింగ్ నేర్పుతున్నామనే పేరుతో ఎక్కువగా చేయించేదీ, ఎక్కువగా అపార్థం చేసుకునేదీ అదే. చేతులు గోడకి ఆనించి, కాళ్లు వెనక్కి పెట్టి, ఒంటిని ఏటవాలుగా ఉంచి ఒక మోకాలు ఎత్తి నిలబడడం, తర్వాత కాళ్లు మార్చడం, ఒకటి, రెండు, మూడు. ఇందులో గోడ మనల్ని వెనక్కి తోస్తోంది, నేల ముందుకి తోస్తోంది, రెండూ సరిపోయి మనిషి కదలడు. పరుగులో ఆ వాలుని నిలబెట్టేది త్వరణం, ఇక్కడ నిలబెట్టేది గోడ. కాబట్టి దీంట్లో వాలు దొరికింది కదా అని పరుగులోనూ దొరుకుతుందనుకుంటే ఆశాభంగమే. మరి దేనికి పనికొస్తుంది? తల నుంచి మడమ దాకా ఒకే గీత అంటే ఏమిటో ఒంటికి తెలియడానికి. మా కుర్రాళ్లలో పదిమందిని గోడకి నిలబెడితే ఏడుగురి పిరుదులు వెనక్కి పొడుచుకొస్తాయి, మోకాలు ఎత్తగానే నడుము గూనిలా అవుతుంది. అక్కడే వెనకనుంచి ఒక వేలితో తుంటిని ముందుకి నెట్టి ‘ఇదిరా ఒరగడం’ అని చూపించొచ్చు, పరుగులో ఆ తీరిక ఉండదు. రెండో ప్రయోజనం మోకాలు, చీలమండల కోణం: కింద ఉన్న కాలి మోకాలు చీలమండ కంటే ముందుకి ఉండి, మోకాలి కింది ఎముక కూడా ఒంటితో పాటే ముందుకి ఒరిగి ఉండాలి. ఆ ఎముక ఎటు చూస్తే తోపు కూడా ఇంచుమించు అటే పోతుంది. మడమతో ముందు పడేవాడికి ఆ ఎముక నిలువుగానో, ఇంకా ఘోరంగా వెనక్కో వాలి ఉంటుంది, అంటే తాకిన క్షణంలో వాడు తనని తానే వెనక్కి తోసుకుంటున్నాడు. వారానికి రెండుసార్లు, మూడు నాలుగు సెట్లు, అంతకు మించి గోడతో కాపురం అక్కర్లేదు.

గోడనుంచి నేరుగా వెళ్లాల్సిన చోటు పడబోయి పరిగెత్తే స్టార్ట్. రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి, ఒళ్లు కర్రలా ఉంచి, చీలమండల దగ్గర్నుంచి ముందుకి ఒరిగి, ఇక పడతామనగా అడుగేసి పది మీటర్లు పరుగు. లేదా బోర్లా పడుకుని దండీలు తీసే భంగిమలోంచి లేచి పరుగు. వీటి అందమేమిటంటే ఒంటిని ముందే సరైన చోట పెట్టేస్తాయి, పాదం తుంటికి వెనకో, సరిగ్గా కిందో పడక తప్పదు, ముందు పడితే మనిషి లేవలేడు. చెప్పే పని లేకుండా డ్రిల్లే నేర్పుతుంది. క్రికెట్, కబడ్డీ ఆడేవాళ్లకి ఇంకో ముక్క: నిలబడ్డ చోటునుంచి పరిగెత్తేటప్పుడు ఒక కాలు అసంకల్పితంగా కొంచెం వెనక్కి పడుతుంది, కోచ్‌లు దాన్ని తప్పంటారు, నాకైతే అది ఒంటి తెలివిలా కనిపిస్తుంది, పాదం గరిమనాభికి వెనక్కి వెళ్తే గానీ తోపు గీత ముందుకి ఒరగదు మరి. పిచ్ మీద ఒక పరుగంటే క్రీజు నుంచి క్రీజుకి 17.68 మీటర్లు, మొత్తం త్వరణమే, పూర్తి వేగం అందేలోపే అవతలి గీత వచ్చేస్తుంది.

ఇక టైరు లాగడం. నా లెక్కలో మన గ్రౌండ్లలో స్టార్టింగ్ కోసం ఒక్కటే డ్రిల్ ఉంచుకోమంటే ఇదే ఉంచుకుంటాను. మామూలు పరుగులో మొదటి అడుగు ఒక రెప్‌కి, అంటే ఒక విడత పరుగుకి, ఒక్కసారే వస్తుంది, రెండో అడుగు ఒక్కసారే, ఆ తర్వాత వేగం పెరిగిపోయి పరిస్థితి మారిపోతుంది. నడుముకి తాడు కట్టి బరువు లాగిస్తే వేగం పెరగదు, పాదం నేలమీద ఎక్కువసేపు ఉంటుంది, ముందుకి తోయాల్సిన అవసరం తగ్గదు, అంటే మొదటి అడుగునే పది పదిహేనుసార్లు వరసగా వేయించినట్టు. ఒరగడం కూడా ఇక్కడ దొంగ సరుకు కాదు. ఒకే వేగంతో లాగుతున్నా, తాడు ఒంటి బరువులో మూడో వంతు బలంతో వెనక్కి లాగితే 18 డిగ్రీల వాలు దానంతటదే వస్తుంది, అదే ఆటో లెక్క, అదే ఎడ్ల లెక్క. ఎంత బరువన్నదాని మీద పెద్ద రగడే ఉంది. పాతకాలపు సలహా, వేగం పది శాతానికి మించి తగ్గకూడదు, తగ్గితే టెక్నిక్ చెడుతుందని. 2017లో మాట్ క్రాస్, మొరాన్ వాళ్లు కొలిచి చూస్తే శరీరం గరిష్ఠ పవర్ ఇచ్చింది మామూలు టాప్ స్పీడ్ సగానికి పడిపోయేంత బరువుతో, వాళ్ల ట్రాక్ మీద అది ఒంటి బరువులో దాదాపు 70 నుంచి 95 శాతం. వినగానే భయమేస్తుంది, కానీ అది స్లెడ్ (బరువులు పెట్టి నేలమీద ఈడ్చే చట్రం) మీద పెట్టిన బరువే తప్ప లాగే బలం కాదు, లాగే బలం ఘర్షణని బట్టి ఉంటుంది. సింథటిక్ ట్రాక్ మీద ఒకటి, ఎర్రమట్టి మీద ఒకటి, వాన పడ్డ గడ్డి మీద ఇంకొకటి. అందుకే కిలోల గురించి కొట్టుకోవడం మానేసి టైము చూసుకోవడం మేలు: ఉత్తిగా 20 మీటర్లు మూడున్నర సెకన్లలో వెళ్లేవాడికి టైరుతో ఐదు, ఐదున్నర పడితే మొదటి అడుగుల బలానికి అది సరైన బరువు, నాలుగు పడితే అది ఇరవై, ముప్పై మీటర్ల మధ్య దశకి పనికొస్తుంది. కారు టైరు చాలకపోతే అందులో ఇటుకలో, ఇసుక మూటో పడేయండి. తాడు మరీ పొట్టిగా ఉంటే టైరు ముందుభాగం లేచి ఎగిరెగిరి పడుతుంది, కనీసం మూడు నాలుగు మీటర్లు ఉండాలి. టైరు లాగిన తర్వాత అదే రోజు తాడు విప్పి రెండు ఉత్తి పరుగులు పెట్టించడం మర్చిపోకండి, లేకపోతే ఒంటికి లాగడమే గుర్తుండిపోతుంది.

టైరు లేనిచోట ఎత్తు రోడ్డు ఉంటుంది. 5 డిగ్రీల వాలున్న రోడ్డు మీద 60 కిలోల మనిషిని భూమి వెనక్కి లాగే బలం దాదాపు 5 కిలోల బరువుతో సమానం, అంటే తేలికపాటి స్లెడ్ లాంటిది. దానికి తోడు నేల ముందుకి ఎత్తుగా ఉండడంతో పాదం త్వరగా తాకేస్తుంది, ఎవడూ కాలు చాచి మడమతో వేయలేడు. మడమ బాబులకి ఇది ఉచిత వైద్యం. దిగేటప్పుడు నడిచి దిగాలి.

ఇసుకలో పరిగెత్తితే స్పీడొస్తుందని విశాఖ బీచ్‌లో చాలామంది నమ్మకం. పొడి ఇసుక పాదం కింద వెనక్కి జారిపోతుంది, మనం పెట్టిన బలంలో కొంత ఇసుకని కదిలించడానికే పోతుంది. అదే వేగంతో పరిగెత్తడానికి గట్టి నేల కంటే 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుందని 1998లో బెల్జియంలో కొలిచారు. ఆయాసం వస్తుంది, పిక్కలు పట్టేస్తాయి, వేగం కోసమైతే తడి ఇసుక నయం, గట్టి నేల ఇంకా నయం.

తొడ వెనక కండరం, హ్యామ్‌స్ట్రింగ్, గురించి చెప్పకపోతే ఇది అసంపూర్తే. మనవాళ్లు తొడ ముందు కండరాన్నే పెంచుతారు, అద్దంలో కనిపించేది అదే కాబట్టి. 2015లో మొరాన్ బృందమే ఇంకో పరీక్ష చేసింది. కాలు గాల్లోంచి నేలకి దిగే చివరి క్షణంలో ఎవరి హ్యామ్‌స్ట్రింగ్ గట్టిగా పనిచేస్తుందో, సాగుతూనే బలం ఇవ్వగలుగుతుందో వాళ్లే ముందుకి ఎక్కువ బలం పెట్టారని అందులో వచ్చింది. ఈ కండరం చిరిగేది కూడా ఎక్కువగా ఆ క్షణంలోనే, అందుకే ఈవెంట్స్ ముందు వారంలో ఒక్కసారిగా ఫుల్ స్పీడ్ మొదలెట్టేవాళ్లు తొడ పట్టుకుని కూర్చుంటారు. మోకాళ్ల మీద నిలబడి, వెనక స్నేహితుడు చీలమండలు అదిమి పట్టుకుంటే ఒళ్లు కర్రలా ఉంచి నెమ్మదిగా ముందుకి ఒరిగే నార్డిక్ ఎక్సర్‌సైజ్ దీనికి మందు. ఖర్చు లేదు, స్నేహితుడు కావాలి. మొదటి వారం మెట్లు దిగడం కష్టమవుతుంది, ఓర్చుకోవాలి.

మాట దగ్గర మొదలెట్టాం కాబట్టి మళ్లీ మాట దగ్గరికే వస్తాను. మోకాలు ఎంత ఎత్తాలి, చెయ్యి ఎంత వెనక్కి, తల ఎక్కడ అని ఒంటి భాగాల పేర్లు చెబితే పిల్లాడు బొమ్మలా బిగుసుకుపోతాడు. బయట ఉన్నదాని మీద దృష్టి పెట్టిస్తే, అంటే ‘నేలని వెనక్కి తోయి’ అంటే, ఒళ్లు మిగతాది సర్దుకుంటుంది. నేనైతే ‘నీ మొదటి అడుగు మట్టి వెనకున్నవాడి మొహాన పడాలి’ అంటాను. నవ్వుతారు కానీ పనిచేస్తుంది. లేవడం గురించి అసలు మాట్లాడను. జపాన్‌లో ర్యూ నగహరా బృందం అడుగడుగునా ఒంటి కదలికలు కొలిస్తే ఈ పరుగులో ఇంచుమించు 4వ అడుగు దగ్గర ఒకసారి, 14వ అడుగు దగ్గర ఇంకోసారి తీరు మారుతుందని తేలింది. ఆ మార్పు ఎవరూ చెప్పకుండానే రావాలి. త్వరణం తగ్గే కొద్దీ ఒళ్లు లేస్తుంది, లేవనివ్వాలి.

చూసుకోడానికి పరికరాలేం అక్కర్లేదు, ఫోన్ చాలు. స్లో మోషన్ 240 ఫ్రేములకి పెట్టి, స్టార్ట్ గీతనుంచి మూడు మీటర్ల దగ్గర, పక్కకి ఎనిమిది పది మీటర్ల దూరంలో నేలకి దగ్గరగా ఎవరినైనా కూర్చోబెట్టండి. ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్ల చిల్లర, మొదటి అడుగులో పాదం నేలమీద 45, 50 ఫ్రేములు కనిపించడం మామూలే. పాదం తాకిన ఫ్రేము దగ్గర ఆపి మోకాలు చీలమండకి ముందుందా, తుంటి ఎక్కడుంది అన్నవి మాత్రం చూడండి. టైము చేతి వాచీతో తీస్తే దాన్ని ఎలక్ట్రానిక్ టైముతో పోల్చి మురిసిపోవద్దు, 100 మీటర్లకి చేతి టైము మీద 0.24 కలపడం పాత ఆనవాయితీ, పరీక్ష రోజు సెన్సార్ ఆ దయ చూపించదు. ముప్పై మీటర్ల పరుగుకీ పరుగుకీ మధ్య మూడు నిమిషాలు కూర్చోవాలి, ఆయాసంతో చేసిన స్టార్ట్‌లో ఒళ్లు నేర్చుకునేది ఆయాసమే. టైము పెరగడం మొదలైతే అది ఆరో రెప్ అయినా నాలుగో రెప్ అయినా ఆ రోజుకి బూట్లు విప్పేయాలి.

ఆ అడిగిన కుర్రాడు మూడు వారాలనుంచి టైరు లాగుతున్నాడు. నిన్న పొద్దున వీడియో తీసి చూపించి "ఇప్పుడు ఒరిగానా, వంగానా అన్నా?" అన్నాడు. ఫ్రేము ఫ్రేముగా జరిపి చూశాం. మూడో అడుగు దాకా ఒరిగాడు, ఎముక కూడా ముందుకే ఉంది. నాలుగో అడుగులో ఏదో గుర్తొచ్చినట్టు తల దించి మళ్లీ నడుము మడిచాడు. టైరులో ఇంకో రెండు ఇటుకలు వేశాం.